కుళాయి నీళ్ళు తాగిన కొబ్బరిమామిడి

ఎండాకాలానికి కాలువలు కట్టేసే రోజు కాబట్టి పొద్దున్నే కాలువ చూసుకునే లస్కర్లు ఇద్దరు వచ్చి కాలువను ఈ కొస నుంచి చాపలా చుట్టుకుంటూ వెళతారు. లాకుల దగ్గరికి చేరేసరికి ఆ చుట్ట గడ్డిమేటంత అవుతుంది. దాన్ని నిలబెట్టి, గోడకు ఆనించి, విప్పుకోకుండా కొబ్బరితాడు బిగిస్తారు. మధ్య పొరలో ఒక బాతు ఇరుక్కుని ఉంది. జూన్‌లో కాలువ పరిచినప్పుడు అదే వస్తుందిలే అంటాడు పెద్ద లస్కరు. బాతు కూడా ఆ మాటకు అడ్డు చెప్పదు.

లోవకుమారి గట్టు మీద నిలబడి చూస్తుంది. ఏటేటా చూసేదే కాబట్టి ఆమెకు బాతు గురించి దిగులు లేదు. నీళ్ళ గురించే దిగులు. ఆమె తాతబ్బాయి గారి నర్సరీలో మొక్కలకు నీళ్ళు మోస్తుంది. కాలువ చుట్టేశాక మళ్ళీ పరిచేదాకా ఊళ్ళో నర్సరీలన్నిటికీ పంచాయతీ కుళాయే దిక్కు. ఆ నీళ్ళు ఆరింటికి వస్తాయి, ఏడింటికి పోతాయి. వచ్చేటప్పుడు ట్యాంకులో కలిపిన బ్లీచింగు మందు వాసన వెంటబెట్టుకుని వస్తాయి.

మిగతా మొక్కల సంగతి ఎలా ఉన్నా, పచ్చవల కింద మూడో వరసలో చివరి సంచికి ముందు సంచిలో ఉన్న మామిడి అంటు మీదే ఆమె ప్రాణమంతా. అది ఆమె తన చేత్తో కట్టింది. రెండేళ్ళుగా అంటుకట్టే మేస్త్రి భుజం వెనక నిలబడి, అడక్కుండా, మాట్లాడకుండా చూసి నేర్చుకుంది. మామిడితాండ్ర చేసేవాళ్ళు పారేసిన టెంక నుంచి మొలిచిన మొక్క కాండాన్ని నిలువుగా చీల్చి, కొత్తపల్లి కొబ్బరి రకం మామిడిచెట్టు నుంచి తెచ్చిన కొమ్మను మొన తేలేలా చెక్కి, చీలికలో దించి, ప్లాస్టిక్ రిబ్బను చుట్టి, పైన ప్లాస్టిక్ టోపీ తొడిగింది. మేస్త్రి పెళ్ళికి వెళ్ళి రాని రోజున తాతబ్బాయి గారే కత్తి చేతికిచ్చి ఒక్క మొక్క కట్టమన్నారు. కట్టాక షరతు కూడా చెప్పారు.

“ఇరవయ్యొకటో రోజు సాయంత్రానికి మొగ్గ పగిలితే కత్తి నీది. పగల్లేదా, బిందె నీది.”

ఈ రోజు ఇరవయ్యోది.

సంచిలో మట్టి పగుళ్ళిచ్చింది. కుళాయి నీళ్ళు ఒక రోజంతా తొట్టిలో నిలవ ఉంచి, మందు పోయాకే మొక్కలకు పొయ్యాలని తాతబ్బాయి గారు ఎన్నోసార్లు చెప్పారు. లోవకుమారి బిందె దించి, వాసన చూసి, పక్కన సంచుల్లో మట్టి నింపుతున్న మంగతాయారును అడుగుతుంది. మంగతాయారు ఈ నర్సరీలో అందరికంటే ముందు చేరిన మనిషి. మట్టి గురించి తప్ప దేని గురించీ ఆమెకు అనుమానాలు ఉండవు.

“మనం తాగట్లేదేటే ఆ నీళ్ళు? మనకేమన్నా ఆకులు రాలిపోతన్నాయేటి?”

లోవకుమారి మోచేతులు తిప్పి చూసుకుంటుంది. భుజాలు తడుముకుంటుంది. నిజమే, ఒక్క ఆకు కూడా రాలినట్టు లేదు. ఇంతకన్నా రుజువు ఏం కావాలనిపించి, నిలవ పెట్టకుండానే వరసలన్నిటికీ పోస్తుంది. అంటుకు మాత్రం అరచెంబు, చాలా మర్యాదగా.

మర్నాడు పొద్దున వచ్చేసరికి నర్సరీ అంతా శుభ్రంగా ఉంది.

సంచులన్నీ ఒకదానికొకటి మూరెడు దూరం జరిగి ఉన్నాయి. క్రోటన్లు తమ ఆకుల్ని తామే తుడుచుకుంటున్నాయి, పక్కవాటి ఆకుల జోలికి పోకుండా. గులాబీలు ముళ్ళన్నీ రాత్రికి రాత్రే ఒలిచేసి, కాగితంలో పొట్లం కట్టి, గేటు బయట పెట్టాయి. మల్లెలు మట్టిలోంచి పైకొచ్చి సంచుల అంచుల మీద బొటనవేళ్ళతో నిలబడ్డాయి. వాటి వేర్లు ఉతికి, పిండి, పచ్చవల తీగ మీద ఆరేసి ఉన్నాయి. ఏ వేరు ఎవరిదో తెలియడానికి చివర్లకు రంగు దారాలు కట్టుకున్నాయి.

గేటు దగ్గర వానపాములు చిన్న చిన్న మూటలతో వరసగా బయటికి పోతున్నాయి. లోవకుమారి వంగి, ముందున్న పెద్ద వానపామును ఎక్కడికండీ అని అడుగుతుంది. రోడ్డవతల వరిచేలో తమవాళ్ళున్నారని, ఇక్కడ తమ మీద మట్టి ఉందన్న కారణంతో ఖాళీ చెయ్యమన్నారని అది చెబుతుంది. కోపం లేకుండానే చెబుతుంది. మట్టి తమ మీద ఉందో, తాము మట్టిలో ఉన్నామో మొదట తేల్చుకోవాల్సింది అంటుంది, అంతే.

లోవకుమారి మూడో వరస చివరికి పరిగెడుతుంది.

అంటు రిబ్బను ఊడదీసుకుంది. ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, సంచి పక్కన పెట్టింది. కొబ్బరికొమ్మ చీలికలోంచి పైకి లేచి, టెంకమొక్కకు వేలెడు ఎత్తున గాలిలో నిలబడి ఉంది. దేన్నీ పట్టుకోలేదు, దేనికీ ఆనుకోలేదు. కింద టెంకమొక్క చీలిక నోరు తెరుచుకుని ఎండలో ఎండుతోంది.

టోపీ లోపల ఆవిరి పట్టింది. ఆ ఆవిరి మీద అక్షరాలు పడుతున్నాయి. లోపల్నుంచి రాసినవి కాబట్టి ఇటు నుంచి తిరగేసి కనిపిస్తున్నాయి. లోవకుమారి అవతలి వైపు వెళ్ళి, టోపీలోంచి చూసి చదువుతుంది.

‘ఈ కాండం ఎక్కడ మొలిచింది?’

తాండ్ర చాపల వెనక, టెంకల కుప్పలో అని ఆమె ఉన్న మాట చెబుతుంది.

‘ఈగలు?’

“ఉంటాయండి.”

‘అయితే నేను ఇక్కడే ఉంటాను’ అని కొమ్మ రాస్తుంది. ఇక్కడ అంటే గాలిలో.

టెంకమొక్క రెండాకులూ కొంచెం కిందికి దిగుతాయి.

తాతబ్బాయి గారు వచ్చి, గులాబీముళ్ళ పొట్లం దాటి, వరసల మధ్య నడిచి, అంటు దగ్గర ఆగుతారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు. వెంటనే క్రోటన్లన్నీ మెచ్చుకోలుగా ఆయన వైపు తిరుగుతాయి. నిలవ పెట్టకుండా పోశావా అని అడుగుతారు. అరచెంబే అంటుంది లోవకుమారి. మిగతావాటికి ఎంత పోశావని ఆయన అడగరు, కనబడుతూనే ఉంది.

“మందుకు తెలిసింది ఒక్కటే పనమ్మా, కడగడం. మనిషి కడుపులోకెళితే మంచిదే. వేరు దగ్గరికెళితే, అక్కడ కడగాల్సింది ఏదో దానికి తెలవదు. అంతా కడిగేత్తది.”

సాయంత్రం ఐదింటికి వచ్చి మొగ్గ చూస్తానని చెప్పి ఆయన వెళ్ళిపోతారు. గడువు పెంచుతారేమోనని లోవకుమారి ఆయన వీపు వంక కాసేపు చూస్తుంది. వీపు ఏమీ పెంచదు.

తొట్టి నిండా పొద్దుటి కుళాయి నీళ్ళున్నాయి. మందు పోవాలంటే రోజు పడుతుంది. ఇప్పుడు ఎనిమిది. ఐదింటికి రోజు అవదు, ఎటు నుంచి లెక్కపెట్టినా అవదు. లోవకుమారి తొట్టి గట్టు మీద కూర్చుని నీళ్ళ వంక చూస్తుంది. నీళ్ళు నిటారుగా, చేతులు కట్టుకుని, బడిలో తనిఖీ జరుగుతున్నట్టు నిలబడి ఉన్నాయి.

మంగతాయారు మట్టిచేతులు దులుపుకుంటూ వస్తుంది. నిన్నటి సలహా తనదేనన్న సంగతి ఆమె గుర్తుంచుకున్నట్టు లేదు. ఇంకో సలహా సిద్ధంగా ఉంది.

“రోజెందుకు పడద్దో తెలుసా? దానికి దారి తెలవక. తలుపెట్టి చూడు, గబుక్కున పోద్ది.”

అది సబబుగానే తోస్తుంది. ఇద్దరూ కలిసి ఎరువుల గదికి వెళ్ళి, తలుపును చట్రంతో సహా గోడలోంచి ఊడదీసి మోసుకొస్తారు. తలుపు లేని గది సిగ్గుపడి గోడ వైపు తిరుగుతుంది. తలుపును తొట్టి పక్కన నిలబెట్టి, గడియ తీసి, రోడ్డు వైపు తెరిచి పెడతారు. గుమ్మం ముందు ఒక గోనెపట్టా కూడా వేస్తుంది లోవకుమారి, పోయేవాళ్ళు పాదాలు తుడుచుకుంటారని.

కాసేపటికి మందు బయటికొస్తుంది.

అది ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, తెల్లపంట్లాం. లోపల ఎవరూ లేరు. మెడ దాకా గుండీలు పెట్టుకుని ఉంది. ఆస్పత్రి వరండా వాసన వేస్తోంది. గుమ్మంలో ఆగి, ముందు మంగతాయారు గోళ్ళ వంక, తర్వాత లోవకుమారి గోళ్ళ వంక చూస్తుంది. లోవకుమారి చేతులు వెనక్కి పెట్టుకుంటుంది. మంగతాయారు పెట్టుకోదు.

“నన్నెందుకు పంపేస్తున్నారు?” అంటుంది చొక్కా. గొంతు మర్యాదగా ఉంది. “ట్యాంకులో నేను లేకపోతే ఊరంతా వాంతులు చేసుకుంటుంది.”

“చేసుకుంటుందండి. ఊరికి మీరు కావాలి. వేర్ల దగ్గరే మీకు పని లేదు.”

“అక్కడ మట్టిలో ఎంతమంది ఉన్నారు?”

“లెక్కపెట్టలేమండి.”

“అందరూ కడుక్కున్నారా?”

“ఒక్కళ్ళు కూడా కడుక్కోలేదండి.”

చొక్కా పైగుండీ ఒకసారి విప్పి, మళ్ళీ పెట్టుకుంటుంది. “అయితే అది నేను చూడలేను” అంటుంది చివరికి. గోనెపట్టా మీద కాళ్ళు తుడుచుకుంటుంది, అక్కడ కాళ్ళు లేకపోయినా. రోడ్డు దాటి, రావులపాలెం బస్సు ఆపి ఎక్కుతుంది. కండక్టరు లేచి సీటు తుడిచి ఇస్తాడు. బస్సు కదిలేసరికి అందులో ఉన్నవాళ్ళ చీరలూ లుంగీలూ ఒక్కొక్కటే తెల్లబడుతున్నాయి. వెనక సీట్లో కూరగాయల గంప పెట్టుకున్న మనిషి తన వంకాయలు చూసుకుని కిటికీ మూసేస్తుంది.

తొట్టిలో నీళ్ళు భుజాలు దించుతాయి. కట్టుకున్న చేతులు విప్పుతాయి. ఒకసారి ఆవులించి చతికిలబడతాయి.

తెరిచిన తలుపులోంచి ఇప్పుడు ఇటు నుంచి అటు కాక అటు నుంచి ఇటు రావడం మొదలవుతుంది. మొదట దుమ్ము వస్తుంది. తర్వాత ఒక వేపాకు. తర్వాత ఒక కప్ప గోనెపట్టా మీద ఆగి, దాన్ని పక్కకు తన్ని, తిన్నగా తొట్టిలో దూకుతుంది. నీళ్ళు ఎవరినీ ఏమీ అడగవు. మంగతాయారు వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని, ఇప్పుడు నీళ్ళలాగున్నాయి అంటుంది.

లోవకుమారి బిందెతో వరసల మీద వరసలు పోస్తూ పోతుంది. క్రోటన్లు తుడవడం ఆపి ఒకదాని మీద ఒకటి వాలతాయి. మల్లెలు తీగ మీది వేర్లు దింపుకుని, ఎవరివి వాళ్ళకు సరిపోయాయా లేదా అని చూసుకోకుండానే తొడుక్కుని మట్టిలోకి దిగుతాయి. రెండు మల్లెలు వేర్లు మారిపోయినా ఏమీ అనుకోవు. గులాబీలు పొట్లం కోసం మనిషిని పంపుతాయి, ఆ మనిషి మంగతాయారే. వానపాములు తిరిగి రావడానికి ఒప్పుకుంటాయి గానీ, ఇక మీదట మట్టి మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యరని రాతపూర్వకంగా కావాలంటాయి. లోవకుమారి పుల్లతో బురదలో రాసిస్తుంది. అవి ఆ రాతను చదివి, తినేసి, లోపలికి పోతాయి.

అంటు దగ్గరికొచ్చేసరికి నాలుగవుతుంది.

చెంబు నిండా పోస్తుంది. టెంకమొక్క గటగటా తాగుతుంది. కొబ్బరికొమ్మ వేలెడు ఎత్తునే ఉంది. లోవకుమారి చూస్తూ ఉంటుంది. చూస్తూ ఉండగా ఆమెకు ఒక సంగతి అర్థమవుతుంది. కొమ్మకు వేర్లు లేవు. మంచినీళ్ళు దాని దాకా వెళ్ళాలంటే టెంకమొక్కలోంచే వెళ్ళాలి. టెంకమొక్కను ముట్టుకుంటే గానీ మందు దిగదు, మందు దిగితే గానీ ముట్టుకోదు.

కొమ్మ రాస్తూనే ఉంది. పొద్దుట్నుంచీ ఖాళీగా లేదు. టెంకల కుప్పలు ఎందుకు ఉండకూడదో ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి మరీ రాస్తోంది. పదకొండో కారణం దగ్గర అక్షరాలు పలచబడ్డాయి. లోవకుమారి దగ్గరికి జరిగి చూస్తే కొమ్మ తోలు ముడతలు పడుతోంది. రాయడానికి కావలసిన ఆవిరి కొమ్మలోంచే వస్తోంది. ఒక్కో మాటకూ అది ఒక్కో చుక్క ఎండుతోంది.

“ఇంక రాయకండి. మీ దగ్గర రెండు మూడు మాటలకు మించి లేవు.”

కొమ్మ ఆగుతుంది.

టెంకమొక్క తాగిన నీళ్ళు కాండంలో మెల్లగా పైకెక్కుతున్నాయి. చీలిక దాకా వచ్చి, పెదవుల మధ్య ఒక చుక్కగా నిలబడతాయి. చుక్క వణుకుతోంది గానీ కారిపోదు. టెంకమొక్క ఊపిరి బిగబట్టి దాన్ని మోస్తోంది.

‘అందులో ఏముంది?’ అని రాస్తుంది కొమ్మ, చాలా చిన్న అక్షరాలతో.

అబద్ధం చెప్పొచ్చు. మరగబెట్టి వడగట్టామని చెబితే సరిపోతుంది, కత్తి తనదవుతుంది. లోవకుమారి చెంబు కింద పెడుతుంది. అంటు కట్టేటప్పుడు రెండు కోతలూ ఒకదానికొకటి తెరిచి ఉండాలని, మధ్య సన్నని పొర అడ్డున్నా కలవవని ఆమె రెండేళ్ళు చూసి తెలుసుకుంది.

“కప్ప స్నానం చేసిందండి. వేపాకు నానింది. దుమ్ము పడింది. మంగతాయారత్త వేలు పెట్టింది, ఆ వేలు నాకింది కూడా. అన్నీ అయ్యాక టెంకల కుప్పలో పుట్టిన మొక్క తాగి, అందులోంచి మీకు పంపింది.”

‘ఎందుకు?’

ఈ ప్రశ్న తనది కాదని లోవకుమారికి తెలుస్తుంది. ఇరవయ్యొక్క రోజుల్లో మొదటిసారి టెంకమొక్క మాట్లాడుతుంది. నోట్లో చుక్క పెట్టుకుని మాట్లాడటం వల్ల గొంతు కొంచెం తడిగా ఉంది.

“దాహమేత్తదని.”

టోపీ మీద ఒక అక్షరం మొదలవుతుంది. కొమ్ము దాకా వచ్చి ఆగిపోతుంది. ఇక ఆవిరి లేదు. టోపీ అద్దంలా ఖాళీ అయిపోతుంది. కొబ్బరికొమ్మ గాలిలో ఒకసారి అటూ ఇటూ ఊగుతుంది, బస్సులో కూర్చోవడానికి చోటు చూసుకునే పెద్దమనిషిలా. తర్వాత వేలెడు కిందికి దిగి, చుక్కలో కూర్చుంటుంది.

చిన్న చప్పుడవుతుంది. ముద్దు పెట్టుకున్న చప్పుడు కాదు, పెట్టె మూత సరిగ్గా పడ్డ చప్పుడు. మంగతాయారు మొహం తిప్పుకుని మట్టి జల్లించడంలో పడిపోతుంది. లోవకుమారి మడత పెట్టిన రిబ్బను విప్పి మళ్ళీ చుడుతుంది. ఆమె వేళ్ళు మెల్లగా పనిచేస్తున్నాయి, గడియారం కూడా ఆమె కోసం కొంచెం మెల్లగానే నడుస్తోంది.

ఐదింటికి తాతబ్బాయి గారు వస్తారు. టోపీ తీసి, బొటనవేలి గోరుతో కొమ్మ మీద గీకుతారు. లోపల పచ్చగా ఉంది. గీకిన చోట కొమ్మకు చక్కిలిగింత పుట్టి మొగ్గ పగులుతుంది.

మొగ్గలోంచి చెయ్యి వస్తుంది.

లేత మామిడాకు రంగులో, రాగిరంగులో, తడితడిగా ఉంది. అయిదు వేళ్ళూ ముడుచుకుని వచ్చి, గాలి తగిలాక ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. గోళ్ళ కింద మట్టి ఉంది.

తాతబ్బాయి గారు కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తారు. “ఆకు రావాలి గదమ్మా.”

“వచ్చిందండి. పూర్తిగా వచ్చింది.”

ఆయన ఆ జవాబును అటు తిప్పి ఇటు తిప్పి చూసి, తప్పు పట్టడానికి చోటు దొరక్క, నడుముకున్న తోలుసంచి లోంచి కత్తి తీసి ఆమెకు ఇస్తారు. ఆమె రెండు చేతులా అందుకుంటుంది. కత్తి అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంది.

అప్పుడే వరసల్లో మిగతా అంటుమొక్కల మొగ్గలూ పగలడం మొదలుపెడతాయి. మామిడి, సపోటా, జామ, ఒక్కో సంచి నుంచీ ఒక్కో చెయ్యి. తొట్టికి దగ్గరగా ఉన్న చెయ్యి వంగి పుడిసెడు నీళ్ళు తీసుకుని పక్క చేతిలో పోస్తుంది. ఆ చెయ్యి ఆ పక్క చేతిలో పోస్తుంది. చుక్క కింద పడకుండా నీళ్ళు వరసలంట నడుస్తాయి, ఎవరూ మొయ్యకుండానే. మూడో వరస చివరి దాకా వచ్చి ఆగిపోతాయి. అక్కడ నిన్న ఎండిపోయిన మొక్కను తీసేసిన సంచి ఒకటి వట్టి మట్టితో ఉంది. దాని అవతల ఏమీ లేదు, గట్టు, ఆకాశం.

తాతబ్బాయి గారు ఆ సంచి చూపిస్తారు. “అక్కడ తెగింది. కట్టు, చూద్దాం.”

కత్తి చేతికొచ్చాక అది ఆమెకు ఇచ్చిన మొదటి పని. కింద కాండం ఎంత లావుంటే పైన పెట్టే కొమ్మ అంత లావుండాలి. ఇక్కడ కాండం లేదు కాబట్టి, అది వదిలిన గుంటను లోవకుమారి వేళ్ళతో కొలుస్తుంది. చుట్టుపక్కల కొమ్మలన్నీ కొలిచి చూస్తుంది. ఏవీ సరిపోవు. చివరికి, పని పూర్తిగా చేసే అలవాటు కొద్దీ, తన మణికట్టు కొలుస్తుంది. సరిగ్గా సరిపోతుంది.

చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి, కత్తి బొడ్లో దోపుకుని, సంచిలోకి దిగుతుంది. మంగతాయారు మట్టి ఎగదోసి మోకాళ్ళ దాకా నింపి, అరచేతులతో చుట్టూ అదిమి, ఎంత బాగా కుదిరిందో అన్నట్టు తల ఊపుతుంది. మట్టి చల్లగా ఉంది. అరికాళ్ళ దగ్గర ఎవరో మూట విప్పుకుంటున్నారు.

“పూతకెన్నాళ్ళు పడద్దమ్మా?” అంటారు తాతబ్బాయి గారు, నోటుపుస్తకం తీసి.

“మూడేళ్ళండి. మొదటేడాది వస్తే తుంచెయ్యాలి.”

ఆయన రాసుకుంటారు. పక్క సంచిలోంచి రాగిరంగు చెయ్యి వంగి ఆమె దోసిట్లో నీళ్ళు పోస్తుంది. వెచ్చగా, వేపాకు వాసనతో ఉన్నాయి. లోవకుమారి దోసిలిని గట్టు వైపు, ఖాళీ వైపు చాపుతుంది. అటు పక్క ఎవరూ లేరు. ఆమె చాపి ఉంచుతుంది.

కొంచెం సేపటికి గాలిలోంచి, ఆస్పత్రి వరండా వాసనతో ఎవరో, గోళ్ళు తగలకుండా జాగ్రత్తపడుతూ, నీళ్ళు తీసుకుంటారు. ఇంకా కావాలన్నట్టు చెయ్యి అక్కడే ఉంచుతారు.